సింకు మీద దర్భపోచ

నేను ఒక సిలికాను గొట్టాన్ని. సరిగ్గా చెప్పాలంటే గొట్టం నా చొక్కా, లోపలున్న తెల్లటి మెత్తటి ముద్దని నేను. రాతికీ రేకుకీ మధ్య సందుంటే అందులో దూరి కూర్చుని, నీళ్ళని అవతలికి పోనివ్వకుండా ఆపడం నా ఉద్యోగం. కాసులపేరు తన కథ చెబితే జనం వింటారు, పాత గడియారం చెబితే వింటారు, సింకు అంచున కూర్చున్నవాడు చెబితే ఎవరికి పట్టిందిలే అని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. కానీ ఒక సూర్యగ్రహణం రోజున, గట్టిపడకుండానే కొట్టుకుపోయే గండం నాకొచ్చింది. ఇద్దరు ఆడవాళ్ళ ఇరవై ఏళ్ళ స్నేహం కూడా ఆ రోజు నా మీదే ఆధారపడి ఉంది. అది చెప్పకుండా ఉండలేను.

మా పూర్వీకులది ఇసుక. ఆ ఇసుకని ఫ్యాక్టరీలో కాల్చి, వడకట్టి, పేర్లు తెలియని ద్రావకాలెన్నో కలిపి నన్ను ముద్ద చేశారు. పుట్టీ పుట్టగానే గొట్టంలో కుక్కి మూతి బిగించారు. గాలి తగిలితే మేం గట్టిపడిపోతాం. అందుకే మా బాల్యమంతా చీకట్లోనే. గొట్టం మీద నాలుగు భాషల్లో సూచనలు అచ్చు వేశారు. పాతది పూర్తిగా గీకెయ్యాలి. తడి లేకుండా తుడవాలి. పూశాక ఇరవై నాలుగు గంటలపాటు చుక్క నీరు తగలకూడదు. మనుషులు ఈ సూచనలను చాలా శ్రద్ధగా చదువుతారు, పని చెడిపోయిన తర్వాత.

కాకినాడ మెయిన్‌రోడ్డులో ఒక హార్డ్‌వేర్ దుకాణంలో, కుళాయిలకీ తలుపు గొళ్ళాలకీ మధ్య ఎనిమిది నెలలు వేలాడాను. ఒక సాయంత్రం కామేశంగారు వచ్చారు. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. డెబ్బై ఒకటో ఏడు. ఇంట్లో ఏది చెడినా మేస్త్రీని పిలవడమంటే తన రెండు చేతులకీ తలవంపులని నమ్మే రకం. నన్ను నొక్కి చూశారు, ఊపి చూశారు, వాసన కూడా చూశారు. దుకాణదారు గన్ను కూడా తీసుకోమన్నాడు. గన్నంటే గొట్టాన్ని బిగించి వెనకనుంచి నొక్కే పనిముట్టు. అది లేకపోతే నేను బయటికి రాను.

"అక్కర్లేదోయ్, మా ఇంట్లో అప్పడాల కర్ర ఉంది," అన్నారు కామేశంగారు.

నా భవిష్యత్తు నాకు అప్పుడే అర్థమైంది.

వాళ్ళ ఇల్లు భానుగుడి దగ్గర ఒక అపార్ట్‌మెంటులో మూడో అంతస్తు. వంటింట్లో నల్లరాతి గట్టు, అందులో స్టీలు సింకు. రాతికీ సింకుకీ మధ్య సందు ఏడాది కిందటే నోరు తెరిచింది. ఏడాదిగా కామేశంగారు దానికి వైద్యం చేస్తున్నారు. మొదట తెల్ల సిమెంటు పూశారు. అది పగిలింది. దాని మీద కొవ్వొత్తి కరిగించి పోశారు. వేడి గిన్నె కడిగినప్పుడల్లా అది కరిగింది. దాని మీద రెండు ముద్దలు కలిపి పిసికే బంక. చివరికి విసిగిపోయి మైదా ఉడకబెట్టి పూస్తే, రెండు రోజుల్లో చీమలు ఊరేగింపుగా వచ్చి సాంతం పట్టుకుపోయాయి. ఈ వైద్యంతో సందు పూడలేదు సరికదా, పొరలు పేరుకుని నీళ్ళకి ఇంకా మంచి దారి ఏర్పడింది. ఇక ఆ సింకు జోలికెళితే తను తమ్ముడింటికి వెళ్ళిపోతానని ఆయన భార్య హైమవతమ్మ తేల్చి చెప్పింది.

ఆవిడ కోపం సింకు గురించి కాదు. నీళ్ళు ఎక్కడికి పోతున్నాయన్నదే గొడవ.

సరిగ్గా కింది అంతస్తులో మాణిక్యాంబగారి కాపురం. ఇరవై ఏళ్ళ కిందట ఇద్దరూ ఒకే వారంలో గృహప్రవేశం చేశారు. అప్పటినుంచీ వదినా అంటే వదినా అనుకుంటూ, రెండు వంటిళ్ళ కిటికీలూ పైపులు దిగే ఒకే డక్టులోకి తెరుచుకోవడం వల్ల పోపు వేస్తూ వేస్తూనే లోకం సంగతులన్నీ మాట్లాడుకునేవారు. ఆమధ్య ఒక వాస్తు పండితుడు వచ్చి మాణిక్యాంబగారి సింకుని వెనకవైపు పంపించేసి, ఆ ఈశాన్యం మూలలో దేవుడి అలమర పెట్టించాడు. పండితుడు నాలుగు దిక్కులూ చూశాడుగాని తలెత్తి పైకి చూడలేదు. హైమవతమ్మ సింకు సరిగ్గా దాని నెత్తిన ఉంది.

మొదటి చుక్క వేంకటేశ్వరస్వామి పటం మీద పడింది. మాణిక్యాంబగారు పైకొచ్చి, "మీ ఎంగిలి నీళ్ళు మా దేవుడి నెత్తిన పడుతున్నాయి వదినా," అంది. అంతవరకూ న్యాయమే. హైమవతమ్మ సిగ్గుపడి ఊరుకోవాల్సింది. కానీ ఆవిడ సిగ్గుపడ్డప్పుడే ఎక్కువ మాట్లాడుతుంది. "దేవుణ్ణి సింకు కింద పెట్టుకోమని నీకెవరు చెప్పారు?" అనేసింది. ఆ మాటతో మాణిక్యాంబగారు మెట్లు దిగి వెళ్ళిపోయింది. దేవుళ్ళ మధ్య ఒక ప్లాస్టిక్ టబ్బు పెట్టుకుంది, డక్టువైపు కిటికీ మూసేసింది. నాలుగు నెలలు తెరవలేదు.

ఏటా కార్తీకంలో మాణిక్యాంబగారింట్లో సత్యనారాయణ వ్రతం జరుగుతుంది. ఇరవై ఏళ్ళూ ఆవిడ పక్కన రెండో పీట హైమవతమ్మదే. ఈసారి పిలుపు రాలేదు. చుక్క ఆగితే తప్ప పైవాళ్ళని గడప తొక్కనివ్వనని మాణిక్యాంబగారు అందట. పనిమనిషి ఆ మాటని మెట్లెక్కించి మరీ తెచ్చి అప్పగించింది. విన్నప్పుడు హైమవతమ్మ పిలవకపోతే మానె అంది. ఆ తర్వాత మూసిన కిటికీ దగ్గర నిలబడి, కింద గ్రైండరు తిరుగుతున్న చప్పుడు వింటూ పాలు పొంగించేసింది. ఆ పాలు చూశాకే కామేశంగారు నన్ను కొనడానికి బయల్దేరారు. ఆయన పనితనం ఎలాంటిదైనా, మనసు మంచిది. ఆ మాట నేను ఒప్పుకోవాలి.

ఈసారి ఆయన బుద్ధిమంతుడై నూకరాజు అనే మేస్త్రీని సలహా అడిగారు. హైమవతమ్మ ఇంట్లో లేనప్పుడు పిలిచి సింకు చూపించారు. నూకరాజు సందులోకి వేలు పెట్టి, చీమలు వదిలేసిన మైదా ముక్క బయటికి తీసి, చాలాసేపు దానివైపే చూశాడు.

"ఇదేటండీ బాబూ, పాతదాని మీద కొత్తది, కొత్తదాని మీద ఇంకోటీ. అన్నీ గీకేయాలండి. అడుగు రాయి కనబడాలండి. అప్పుడు పూత్తే పట్టుద్ది. ఆ మీదట ఓ రోజు ఓ రాత్రీ నీటి చుక్క తగలకూడదండి."

"మా ఆవిడ వంటిల్లు ఓ రోజంతా తడారడం నేను పుట్టి ఎరగనోయ్," అన్నారు కామేశంగారు. అని, గోడ మీద క్యాలెండరు చూసి ఆగిపోయారు. ముఖం వెలిగింది. "వచ్చే మంగళవారం సూర్యగ్రహణం. పొద్దుటి నుంచీ పొయ్యి వెలగదు, వంటింట్లో ఎవరూ ఏదీ ముట్టరు. ఆ రోజు వచ్చెయ్."

నూకరాజు రెండు చేతులూ జోడించాడు. "అమావాస్యండి, దానికితోడు గ్రహణమండి. ఆ రోజు నేను పనిముట్టు పట్టనండి. మర్నాడొత్తానండి."

"మర్నాటినుంచి ఆవిడకి కార్తీక స్నానాలు. ఇంక ఇంట్లో నీళ్ళే నీళ్ళు."

"అయితే తమరి ఇట్టమండి," అని నూకరాజు చెప్పులు తొడుక్కున్నాడు. ఇక ఎవరు చేస్తారో చెప్పనక్కర్లేదు.

గ్రహణం రోజు పొద్దున్నే హైమవతమ్మ దర్భ కోసం గుడికి వెళ్ళింది. గ్రహణానికి ముందు పాల మీద, పెరుగు మీద, ఊరగాయ జాడీల మీద దర్భపోచలు వెయ్యడం ఆవిడ పుట్టింటి నుంచి వచ్చిన నియమం. ఆవిడ మెట్లు దిగగానే కామేశంగారు లుంగీ ఎగ్గట్టారు. పాత చాకుతో, గడ్డం గీసుకునే బ్లేడుతో ఏడాది వైద్యాన్నంతా గీకి న్యూస్‌పేపర్లో పోశారు. బల్ల మీది ఫ్యాను తెచ్చి సందుకి ఎదురుగా పెట్టి ఆరబెట్టారు. ఈ మనిషి నా గొట్టం మీది సూచనలు పనికి ముందే చదివాడని తెలిసి నాకు ఆయన మీద గౌరవం కలిగింది. అది అయిదు నిమిషాలే నిలిచింది.

మూతి కోసి, వెనక అప్పడాల కర్ర ఆనించి నొక్కారు. నేను రాలేదు. పళ్ళు బిగించి నొక్కారు. రాలేదు. గట్టు అంచుకి పొట్ట ఆనించి, ఇష్టదైవాన్ని తలుచుకుని తోశారు. సగం గొట్టం ఒక్కసారిగా వచ్చేశాను. కొంత సందులో, కొంత గట్టు మీద, కొంత ఆయన కళ్ళజోడు మీద పడ్డాను. ఆయన కంగారు పడలేదు. సబ్బునీళ్ళలో వేలు ముంచి సింకు చుట్టూ మెల్లగా నిమురుకుంటూ వచ్చారు. ఉత్తరాలు అతికించి అతికించి అలవాటైన వేలు, ఒత్తిడి ఎక్కడ తగ్గాలో దానికి తెలుసు. తూర్పు అంచున కాస్త లావుగా, పడమటి అంచున కాస్త సన్నంగా, మొత్తానికి ఎక్కడా తెగకుండా కూర్చున్నాను. అప్పుడు టైము పదిన్నర.

భార్య రాకుండా ఆపడం ఆయన తరం కాదు. వచ్చినా సింకు ముట్టుకోకుండా చెయ్యాలి, చేసింది చెప్పకూడదు. తమ్ముడింటి బెదిరింపు ఇంకా తాజాగానే ఉంది. ఆయన పాత పంచె తెచ్చి సింకు మొత్తం కప్పేశారు. హైమవతమ్మ దర్భతో రాగానే అందులోంచి ఒక పోచ తీసి భక్తిగా ఆ పంచె మీద పెట్టారు.

"సింకు మీదెందుకండీ?"

"నీళ్ళు పోయే చోటు కదా. దోషం అక్కడినుంచే పైకొస్తుందట. పేపర్లో రాశారు."

హైమవతమ్మ ఆయన్ని కింది నుంచి పైదాకా చూసింది. "పెళ్ళయిన నలభై ఆరేళ్ళకి భక్తొచ్చింది," అని మురిసిపోయింది. నేను పంచె కింద నవ్వు ఆపుకోలేక చచ్చాను. కదిలితే ముడత పడతాను, అదొక బాధ.

గట్టిపడేటప్పుడు నా ఒంట్లోంచి ఘాటైన పుల్లటి వాసన వస్తుంది. మధ్యాహ్నానికి అది వంటిల్లంతా కమ్మింది. హైమవతమ్మ ముక్కు ఎగబీల్చి, గాభరాగా ఊరగాయ జాడీల దగ్గరికి పరిగెత్తింది. మాగాయ వాసన చూసింది, ఆవకాయ వాసన చూసింది. దర్భ వేశాక కూడా ఊరగాయ పులిసిందంటే ఈ పూజారి ఇచ్చింది దర్భ కాదు, ఏదో గడ్డి అని తేల్చింది. పాపం ఆ పూజారికి ఈ సంగతి ఇప్పటికీ తెలియదు.

కామేశంగారికి ఇంకో కష్టం వచ్చింది. ఆకలి. బల్ల ఎక్కి ఫ్యాను తుడిచేటప్పుడు, సిలిండరు జరిపేటప్పుడు తనకి వయసు మీద పడిందని ఎవరైనా అంటే ఒప్పుకోని మనిషి, ఆ రోజు మూడు గంటలకి ఉన్నట్టుండి ముసలివాడైపోయారు. "వృద్ధులకి మినహాయింపు ఉందే," అంటూ నాలుగు అరటిపళ్ళు తిని పడుకున్నారు.

అయిదు దాటాక గ్రహణం పట్టింది. వంటింట్లో వెలుగు బూడిద రంగులోకి మారింది. కాసేపటికి అదీ పోయి మామూలు చీకటి పడింది. హైమవతమ్మ గడియారం చూసింది. సూర్యుడు అస్తమించాడు కాబట్టి గ్రహణం కూడా అయిపోయినట్టేనని లెక్క వేసుకుంది. కామేశంగారు విడుపు స్నానానికని బాత్రూములో దూరి, తలుపు వేసుకుని, గొంతెత్తి శ్లోకాలు అందుకున్నారు. గ్రహణం వెళ్ళగానే ఆవిడ ఏం చేస్తుందో నలభై ఆరేళ్ళుగా చూస్తున్న మనిషి. అయినా సరిగ్గా ఆ సమయానికే ఆ సంగతి ఆయనకి గుర్తు రాలేదు.

గ్రహణం వదిలాక వంటిల్లు కడగాలి. తుడవడం కాదు, కడగడం. హైమవతమ్మ బాల్కనీ కుళాయి కింద పెద్ద ఇనప బకెట్టు పెట్టి నింపింది, పసుపు కలిపింది. సింకు మీద దర్భ తీసి కళ్ళకద్దుకుంది, పంచె లాగి పక్కన పడేసింది. చత్వారం కళ్ళకి, ఆ మసక వెలుగులో నేను కనిపించలేదు. అప్పటికి నాకు ఏడున్నర గంటల వయసు. పై తోలు గట్టిపడింది, లోపల ఇంకా మెత్తగానే ఉన్నాను. ఒక బకెట్టు నీళ్ళు జోరుగా వచ్చి పడితే నేను లేచిపోతాను. సందు మళ్ళీ తెరుచుకుంటుంది. కింద చుక్క పడుతుంది, రెండో పీట ఖాళీగానే ఉంటుంది. ఆవిడ బకెట్టు రెండు చేతులా ఎత్తింది. నాకు నోరుంటే అరిచేవాణ్ణి.

డక్టులో కిటికీ రెక్క కిర్రుమంది.

"వదినా. ఆ బకెట్టు దించు."

హైమవతమ్మ ఎత్తిన చేతులతోనే నిలబడిపోయింది. నాలుగు నెలల తర్వాత విన్న గొంతు.

"బకెట్టు నిండిన చప్పుడు వినబడింది. కడుగుతావేమోనని పిలిచాను," అంది కింది నుంచి మాణిక్యాంబగారు. "సూర్యుడు విడవకుండానే దిగిపోయాడు. పట్టిన బింబం పట్టినట్టే అస్తమించింది. రేపు పొద్దున్న శుద్ధ బింబం చూశాకే కడగడమైనా, వండటమైనా. పంచాంగంలో రాసుంది."

హైమవతమ్మ మెల్లగా బకెట్టు దించింది. నీళ్ళు తొణికి ఆవిడ పాదాల మీద పడ్డాయి. నా మీద పడలేదు.

"నాలుగు నెలలు నేను బతికున్నానో లేదో అడగలేదు. బకెట్టు చప్పుడుకి పిలిచావా?"

"మాటలు మానేశానుగానీ, నీకు దోషం తగులుతుంటే చూస్తూ కూర్చుంటానా? ఆ మాత్రం తెలీదా నీకు?"

కిటికీ మళ్ళీ మూసుకుంది. ఈసారి గడియ పడ్డ చప్పుడు రాలేదు. హైమవతమ్మ గట్టుకి ఆనుకుని, పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆవిడ మోచెయ్యి నాకు బెత్తెడు దూరంలో ఉంది. నాకు చాలా సంతోషం వేసింది, చాలా భయం కూడా వేసింది.

శ్లోకాలు పూర్తిచేసుకుని బయటికొచ్చిన కామేశంగారు బకెట్టుని చూశారు. పక్కకి పోయిన పంచెని చూశారు.

"రేపు పొద్దుటిదాకా నీళ్ళు ముట్టకూడదట. వదిన చెప్పింది," అంది హైమవతమ్మ.

"అయ్యో," అన్నారు కామేశంగారు చాలా విచారంగా. "పెద్దవాళ్ళు రాసిపెట్టింది, పాటించాల్సిందే." అంటూనే పంచె తీసి మళ్ళీ నా మీద కప్పి, అంచులు సర్ది, దర్భపోచ వెతికి పైన పెట్టారు. నా గొట్టం మీద నాలుగు భాషల్లో రాసినా జరగని పని ఒక్క పంచాంగం చేసిపెట్టింది.

తెల్లవారింది. శుద్ధ బింబం చూసి, స్నానాలయ్యాక హైమవతమ్మ పంచె తీసింది. ఈసారి కళ్ళజోడు పెట్టుకుని ఉంది. నన్ను చూసింది, భర్తని చూసింది. ఆయన కిటికీలోంచి కాకుల్ని చూస్తున్నారు. వేలితో నన్ను చుట్టూ తడిమింది.

"వంకరగా పూశారు," అంది.

తర్వాత కుళాయి తిప్పింది. బకెట్టు పోసింది, రెండో బకెట్టు కూడా పోసింది. ఇరవై నాలుగు గంటలకి ఇంకా మూడు గంటలు తక్కువైనా నేను కదల్లేదు. వంగి గట్టు కిందికి చెయ్యి పెట్టి చూసింది. పొడి చెయ్యి బయటికొచ్చింది. ఆవిడ కామేశంగారికి ఆ పూట రెండు పెసరట్లు ఎక్కువ వేసింది. అప్పడాల కర్ర ఏమైందని మూడు రోజుల దాకా అడగలేదు.

గొట్టంలో సగం మిగిలిపోయాను. మెట్లు దిగడానికి వంక కావాలి కాబట్టి హైమవతమ్మ ఆ సగాన్ని చేత్తో పట్టుకుని కిందికి వెళ్ళింది. "సందు మూయించాం వదినా. ఇది మిగిలింది, మీ కిటికీకేమైనా పనికొస్తుందేమోనని." మాణిక్యాంబగారు గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. సిలికాను గురించి ఆవిడకేమీ తెలియదు, మిగిలింది ఎందుకు తెచ్చారో మాత్రం తెలిసింది. "ఆదివారం వ్రతం. తొమ్మిదింటికల్లా వచ్చెయ్, పీట వేసి ఉంచుతాను," అంది. దేవుళ్ళ మధ్యనుంచి టబ్బు తీసేసి, నన్ను ఆ పక్క కిటికీ గట్టున పెట్టింది. అలా నేను పైన సగం, కింద సగం అయ్యాను. కింద సగం మూతి దగ్గరే గట్టిపడి ఇక ఎందుకూ కొరగాలేదు. ఆదివారం జరిగింది చూడటానికి మాత్రం పనికొచ్చింది.

దేవుడి అలమర ముందే మంటపం కట్టారు. మాణిక్యాంబగారు, ఆవిడ పక్కన భర్త లింగమూర్తిగారు, ఇటువైపు రెండో పీట మీద హైమవతమ్మ. వెనక చాప మీద కామేశంగారు, విజేతలా కూర్చున్నారు. పంతులుగారు కథ చదువుతున్నారు, అందరి చేతుల్లో అక్షింతలు. ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. పైన సందు మూసుకున్నా, ఏడాదిగా శ్లాబు తాగిన నీళ్ళు ఒక్క రోజులో ఎక్కడికీ పోవు. అయిదారు రోజులపాటు ఒక్కో చుక్కా దిగి అప్పుడు ఆరుతుంది. అది నాకు తెలుసు. ఆ గదిలో మరెవరికీ తెలియదు.

మూడో అధ్యాయం మధ్యలో పైన ఒక చుక్క ఊరింది. నేను కిటికీ గట్టున ఉండి దాన్ని చూస్తూనే ఉన్నాను. లావెక్కింది, వేలాడింది, సరిగ్గా మాణిక్యాంబగారి పాపిట మీద పడింది.

తలంటుకుని, మడి కట్టుకుని పీట మీద కూర్చున్న మనిషి. ఎంగిలి నీళ్ళ చుక్క పడిందంటే లేచి వెళ్ళి మళ్ళీ తలస్నానం చెయ్యాలి. ఈ ఒక్క చుక్క కోసం నాలుగు నెలలు మాట మానేసిన మనిషి కూడా ఆవిడే. పంతులుగారు చదవడం ఆపి పైకి చూశారు. హైమవతమ్మ ముఖం పాలిపోయింది. వెనక కామేశంగారు తల దించుకున్నారు.

మాణిక్యాంబగారు పైకి చూడలేదు. చెంగుతో పాపిట ఒత్తుకుంది.

"కలశంలో నీళ్ళు చిందినట్టున్నాయండి," అంది.

కలశం ఆవిడకి బారెడు దూరంలో ఉంది. పైగా దాని మీద కొబ్బరికాయ ఉంది. పంతులుగారు కలశాన్ని చూశారు, కొబ్బరికాయని చూశారు, ఇంకా అనుమానంగా మళ్ళీ శ్లాబుని చూశారు. పైన రెండో చుక్క ఊరడం మొదలైంది.

హైమవతమ్మ దాన్ని చూసింది. పీటతో సహా పక్కకి జరిగి, మాణిక్యాంబగారి భుజానికి భుజం ఆనించి, తల ముందుకు వంచి కూర్చుంది. చుక్క ఆవిడ నెరిసిన ముడి మీద పడి మెడ మీదికి జారింది. మాణిక్యాంబగారు చెంగు తీసి, కథ వింటున్నట్టే ఉండి, ఆ మెడ కూడా తుడిచింది.

"మీరు చదవండి పంతులుగారూ," అంది హైమవతమ్మ. "మేం వింటున్నాం."